వల కోసిన చెయ్యి

పోయిన కొడుకు నాగబాబు ఫోటో ముందు దీపం పెట్టే చేత్తోనే కోడలు ఉష ఆ హరిబాబుకి అన్నం పెడుతోందన్న సంగతి మరిడమ్మకు ఆ సాయంత్రమే తెలిసింది. పొయ్యిలోకి పుల్లలు ఏరుకుందామని సరుగుడు తోట చివరిదాకా వెళ్ళిన మనిషి, వెలిపడ్డ ఆ హరిబాబు గుడిసె గుమ్మంలో తన కోడలు కూర్చుని ఉండగా కళ్ళారా చూసింది. వాడు తింటున్నాడు. అది వాడి ముఖంకేసి చూస్తోంది.  పుల్లల మోపు ఎక్కడ పడేసిందో మరిడమ్మకే తెలియలేదు. అడిగేద్దామని రెండడుగులు వేసేలోపే పేటలోంచి కేక వినిపించింది. చీకటి పడగానే ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పెద్దవల వేస్తున్నారు, చెయ్యి ఆడే వాళ్ళు ఆడామగా అందరూ తాడు పట్టడానికి రావాలని.

కేక వేయించింది ఆమె మొగుడు అప్పలసూరే. పేటకున్న ఒకే ఒక్క పెద్దవలకి అతనే పెద్ద.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడు నాగబాబు, హరిబాబు ఒకే పడవలో వేటకు వెళ్ళారు. పడవ తిరగబడింది. ఖాళీ ప్లాస్టిక్ డబ్బా ఒకటి కౌగిలించుకుని హరిబాబు తెల్లారేసరికి ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. నాగబాబు రాలేదు, శవమైనా రాలేదు. ఒక్క డబ్బా మీద ఇద్దరు బతకలేరా అని అప్పలసూరి పేట అందరి ముందూ అడిగాడు. హరిబాబు తల వంచుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ కుర్రాడు పట్టుకున్న తాడు ఇంకొకరు పట్టుకోకూడదని కట్టుబాటు. రొయ్యల చెరువుల్లో కూలి చేసుకుంటూ, పేటకి దూరంగా ఆ తోట పక్కన పడి ఉంటున్నాడు.

ఇప్పుడు వాడి గుమ్మంలో తన కోడలు!

*

వాయుగుండం తీరాన్ని వదలడం లేదు. ఎటూ పోకుండా అక్కడక్కడే తిరుగుతూ, ఆగిందనుకున్న వానని మళ్ళీ తెచ్చి కుమ్మరిస్తోంది. వేటకి వెళ్ళొద్దని మైకులో చెప్పిపోయారు. చెప్పకపోయినా వెళ్ళేవాళ్ళెవరూ లేరు. వయసులో ఉన్న మగవాళ్ళు సగం మంది ఎక్కడో దూరాన వేరావల్ రేవులో బోట్ల మీద పనికి పోయి ఉన్నారు. మిగిలినవాళ్ళు పడవల్ని ఇసక మీదికి లాగి బోర్లించేశారు. గంజిలోకి ఉప్పు చేప ముక్క కూడా లేని ఇళ్ళు పేటలో చాలానే ఉన్నాయి. ఏటికి వరద వచ్చి ఎర్రనీళ్ళు సముద్రంలో పడుతున్నాయి కనక, ఆ కలిసే చోట, మొగ లోపలికి పండుగప్ప చేపలు ఎక్కుతాయని అప్పలసూరి లెక్క. సముద్రంలోకి పోనక్కర్లేదు. చిన్న నావ మీద వలని మొగలో అర్ధచంద్రంలా తిప్పి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డునుంచి లాగితే చాలు.

చాలు అనుకున్నారు గాని, ఆ రాత్రి గాలికి ఒడ్డున నిలబడడమే గగనమైపోయింది. వాన పైనుంచి పడడం లేదు, పక్కనుంచి కొడుతోంది. టార్చిలైట్లకి ప్లాస్టిక్ కవర్లు చుట్టుకున్నారు. ఆ వెలుగులో ఒకరికొకరు నీడల్లా తప్ప మనుషుల్లా కనిపించడం లేదు. ఉత్తరం తాడు మీద ఆడవాళ్ళు ఎక్కువ. దక్షిణం తాడు మీద అప్పలసూరి ఈడువాడు గంగులు, ఇంకొందరు ముసలివాళ్ళు. అప్పలసూరి నడుముల్లోతు నీళ్ళలో నిలబడి, వల తేలడానికి కట్టిన బెండ్లు ఎటు పోతున్నాయో చూస్తూ, ఏ తాడు ఎప్పుడు లాగాలో అరిచి చెబుతున్నాడు.

మరిడమ్మ కావాలనే ఉష వెనక నిలబడింది. తాడు నడుముకి ఆనించి, మడమలు ఇసకలో పాతి, వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతున్నారు. కోడలి తడిసిన జడ అంత దగ్గర్లో కనిపిస్తోంది. పట్టుకుని ఒక్క గుంజు గుంజితే పడిపోతుంది.

"ఎన్నాళ్ళ నుంచే?" అంది మరిడమ్మ.

"ఏటి అత్తా?"

"నాటకాలాడకు. పొద్దుగూకే యేళ ఆడి గుమ్మంలో సూసేను నిన్ను."

ఉష చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ లాగడం మొదలుపెట్టాయి. వెనక్కి తిరగలేదు. "దసరా ముందు నుంచి," అంది.

ఇంత సూటిగా ఒప్పుకుంటుందని మరిడమ్మ అనుకోలేదు. బుకాయిస్తుందనుకుంది, కాళ్ళ మీద పడుతుందనుకుంది. 

"నీకు సిగ్గు నేదేటే? నా కొడుకుని నీళ్ళపాలు సేసినోడి ఎదర ఎలాగ కూకోగలిగేవు?"

"ఆడు సెయ్యలేదత్తా."

"నీకు సెప్పేడేటి?"

"సెప్పేడు. ఆ రేత్రి జరిగినాదంతా సెప్పేడు. సెప్పి ఏడిసేడు." ఉష గొంతు గాలికి తెగుతూ వినిపిస్తోంది. "మనింట్లో ఆయన పేరెత్తి ఏడవడానికి నేదు. నాను ఏడిత్తే మావ ఇంట్లోంచి ఎల్లిపోతాడు. నువ్వు మాట మార్సేత్తావు. నాను ఏడవడానికే ఎల్లేనత్తా ఆడి కాడికి. ఆ రేత్రి ఆయన్ని ఆకర్ని సూసినోడు ఆడొక్కడే కదా."

"ఏడవడానికి ఎల్లినదానివి అన్నం ఎందుకు పెడతన్నావు?"

 తాడు ఒక బారెడు ఒడ్డెక్కింది.

"కొన్నాళ్ళకి ఏడుపు ఆగిపోనాది," అంది చివరికి. "కార్తీకం ఎల్లగానే ఆడితో ఎల్లిపోతాను. నీకు సెప్పకుండా ఎల్లాలని నాకు నేదు. ఎలా సెప్పాలో తెల్లేదు, అంతే."

 విన్నా మరిడమ్మ చేతులు లాగుతూనే ఉన్నాయి. పెద్దవల తాడు మీద చెయ్యి వేశాక మధ్యలో వదలడం ఆమె ఎరగదు. కొడుకు పోయిన ఇంట్లో ఇన్నాళ్ళూ తనతో కలిసి తిని, తన పక్కన పడుకుని, తనతోపాటు చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని నెల్లిమర్ల సంతకి నడిచిన పిల్ల. కొడుకు లేకపోయినా కోడలుంది కదా, ఇల్లు ఇల్లులాగే ఉంది కదా అనుకుంది. అది లోపల్లోపల ఎప్పుడో గడప దాటేసిందని ఇప్పుడు తెలుస్తోంది.

*

దక్షిణం తాడు వైపు కేకలు లేచాయి. అక్కడ చేతులు చాలడం లేదు. వల వంకరపోతోంది. ఇంకాసేపు అలాగే వదిలేస్తే చేపలన్నీ ఆ సందులోంచి జారిపోతాయి. "లాగండెహె, లాగండి!" అని అప్పలసూరి గొంతు చించుకుంటున్నాడు. లాగేవాళ్ళు బోర్లా పడుతున్నారు, లేస్తున్నారు, మళ్ళీ పడుతున్నారు.

అంతలో ఆ తాడు ఉన్నట్టుండి కదిలింది. రెండు బారలు ఒకేసారి వచ్చింది. వెనక్కి చూసిన గంగులు మళ్ళీ ముందుకి తిరిగి తాడు బిగించాడు. తాడు కొస నడుముకి చుట్టుకుని, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగుతున్నవాడు హరిబాబు.

అప్పలసూరి నీళ్ళలోంచి నడిచి వచ్చాడు. టార్చి వెలుగు నేరుగా ఆ కుర్రాడి ముఖం మీద వేశాడు.

"ఈ తాడు మీద సెయ్యి ఎవుడెయ్యమన్నాడురా నిన్ను?"

"ఎవుళూ ఎయ్యమన్నేదు మావా. వల పోతన్నాది. సూసి వొచ్చేను."

"పోతే పోనీ. ఒగ్గెయ్."

హరిబాబు వదల్లేదు. వదిలితే తాడు మిగతావాళ్ళ చేతుల్లోంచి కూడా జారిపోతుందని అక్కడున్న అందరికీ తెలుసు. అప్పలసూరికీ తెలుసు. అయినా అతను ఆ కుర్రాడి కాళ్ళకేసి చూస్తున్నాడు. ఇసకలో దిగబడి, పిక్కలు బిగిసి, తాడు బరువంతా మోస్తున్న కాళ్ళు.

"నా కొడుక్కి కూడా ఇలాటి కాళ్ళే ఉండీవి," అన్నాడు అప్పలసూరి. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఏ సేప తిన్నాదో."

ఆ మాటకి హరిబాబు కళ్ళు మూసుకున్నాడు. గంగులే కలగజేసుకున్నాడు. "సూరీ, ముందు వల ఒడ్డు సేరనీ. తరవాత ఆణ్ణి కొడతావో సంపుతావో నీ ఇట్టం. ఇప్పుడు మాత్రం పోయి నీ సోట్లో నిలబడు. నిన్ను సూసే మేము లాగుతున్నాం."

అప్పలసూరి ఇసక మీద ఉమ్మి, తిరిగి నీళ్ళలోకి దిగాడు. కోపంలో దిగాడో ఏమో, ఇందాకటి కంటే ఇంకా లోపలికి పోయాడు.

అప్పుడే ఏటి వరదలో కొట్టుకొచ్చిన పెద్ద మాను ఒకటి, వేళ్ళతో సహా, చీకట్లోంచి వచ్చి వలకి తగిలింది. ఎవరూ చూడలేదు. రెండు తాళ్ళూ ఒకేసారి గుంజాయి. ఉష ముందుకి బోర్లాపడింది. మరిడమ్మ ఆమె నడుము పట్టుకుని తానూ మోకాళ్ళ మీద పడిపోయింది. తలెత్తి చూసేసరికి నీళ్ళలో అప్పలసూరి నిలబడిన చోట ఎవరూ లేరు. అతని టార్చి ఒక్కటే నీళ్ళ అడుగున వెలుగుతూ దొర్లిపోతోంది.

"ఓలమ్మా, ఇదిగో... మనిషి పోనాడర్రా!" మరిడమ్మకు తన కేక తనకే వినిపించలేదు.

హరిబాబు తాడు నడుము నుంచి విప్పుకుని పరిగెత్తాడు. నీళ్ళలో పడ్డాడు. ఒక అల అతన్ని కప్పేసింది. రెండో అలకి తల కనిపించింది, పక్కన ఇంకో తల. ఆ కుర్రాడు అప్పలసూరి జుట్టు పట్టుకుని, వల పైతాడు ఆసరాగా చేసుకుంటూ ఒడ్డువైపు జరుగుతున్నాడు. మూడో అల వచ్చినప్పుడు ముసలాణ్ణి రెండు చేతులా ముందుకు తోశాడు. గంగులూ ఇంకొకరూ కలిసి అతన్ని రెక్కలు పట్టి ఇసక మీదికి ఈడ్చేశారు. అప్పలసూరి బోర్లా పడి నీళ్ళు కక్కుకున్నాడు. బతికాడు.

హరిబాబు మాత్రం రాలేదు.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అంత దగ్గర్లోనే ఉన్నాడు, గుండెల్లోతు నీళ్ళే. టార్చిలు వేసి చూస్తే తెలిసింది. వల చుట్టుకున్న మాను అతని కాలి మీదికి ఒరిగింది. అల వచ్చినప్పుడల్లా మాను లేచి మళ్ళీ పడుతోంది. అల వచ్చినప్పుడల్లా అతని తల మునిగిపోతోంది. తేలినప్పుడు నోరు తెరిచి గాలి పీల్చుకుంటున్నాడు. రక్షించమని కేక వెయ్యడం లేదు.

"వల కోసెయ్యాల," అన్నాడు గంగులు. "ఇటేపు వల రెక్క తెగ్గోత్తే మాను వలతోటి వరదలో ఎల్లిపోతాది. కుర్రోడు బయటపడతాడు."

"కొయ్యడానికి నేదు." అప్పలసూరి ఇసక మీద మోచేతులు ఆనించి లేస్తున్నాడు. ముక్కులోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. "ఎవుడూ కత్తి తియ్యడానికి నేదు. పేట పేటంతా ఆ వల మీద బతుకుతన్నాది. వల పోతే రేపు ఏటి తింటారు? ఆడు పెడతాడేటి మీకు?"

"నిన్ను లాక్కొచ్చేడురా ఆడు!"

"నాను లాగమన్నానా?"

ఎవరూ కదల్లేదు. అప్పలసూరి చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అదే అందరి కాళ్ళకీ బంధమైంది. వల సంచి అప్పటికే దగ్గరికొచ్చేసింది. టార్చి వెలుగు తగిలినచోటల్లా పండుగప్పలు తెల్లగా మిలమిలా ఎగిరిపడుతున్నాయి. అంతంత చేపలు చూసి ఎన్నాళ్ళయిందో! ప్రతివాళ్ళూ ఒకసారి ఆ సంచికేసి, ఒకసారి ఆ మునుగుతున్న తలకేసి చూస్తున్నారు. ఉష ఒక్కతే "కొయ్యండి, మీ కాళ్ళు మొక్కుతాను, కొయ్యండి" అని ఒక్కొక్కరి దగ్గరికీ పరిగెడుతోంది.

మరిడమ్మ ఆ కుర్రాడి తలనే చూస్తోంది. మునిగింది. తేలింది. మళ్ళీ మునిగింది. ఈసారి తేలడానికి ఆలస్యమైంది. నాగబాబు కూడా ఇలాగే మునిగి తేలుంటాడా? ఇలాగే ఒడ్డుకేసి చూసుంటాడా? ఇన్నాళ్ళూ ఆ ఆలోచన రాకుండా తలుపులు మూసుకుంది. కోడలు ఏడవబోతే మాట మార్చేసింది. ఇప్పుడు అది కళ్ళ ముందే జరుగుతోంది, ముఖం తిప్పుకునే వీల్లేకుండా.

బొడ్లో చేపలు కోసే చాకు ఉంది. తీసింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపి నీళ్ళలోకి నడిచింది.

"ఒసే మరిడీ!" వెనకనుంచి అప్పలసూరి కేక. "ఆగవే! ఆగమంటన్నానా!"

హరిబాబుని ఆమె క్షమించిందా అంటే లేదు. ఆ మాటకొస్తే ఆ సమయంలో ఆమెకు హరిబాబు హరిబాబులా కూడా కనిపించలేదు. ఒక తల్లి కన్న పిల్లాడు ఊపిరాడక కొట్టుకుంటున్నాడు. అంతే కనిపించింది. ఎడమచేత్తో వల పైతాడు పట్టుకుని కుడిచేత్తో కోసింది. తాడు నానిపోయి ఉంది, తెగలేదు. రంపంతో కోసినట్టు కోసింది. ఎవరో వచ్చి పక్కన నిలబడి తాడు బిగించి పట్టుకున్నారు. చూస్తే ఉష. ఇద్దరూ మాట్లాడుకోలేదు. పైతాడు తెగింది. తర్వాత వల గళ్ళు ఒక్కొక్క గుప్పెడూ పట్టుకుని కోస్తుంటే చాకు వేళ్ళకీ తగిలింది. నొప్పి తెలియలేదు. అడుగుతాడు తెగేసరికి వల మొత్తం ఒక్కసారి వెనక్కి లాగేసుకుంది. మాను, సంచి, చేపలు, బెండ్లు అన్నీ కలిసి చీకట్లోకి పోయాయి. అవతలి తాడు కూడా పట్టుకున్నవాళ్ళ చేతుల్లోంచి మంటలా జారిపోయింది.

ఒడ్డున ఆడవాళ్ళు ఒక్కపెట్టున ఏడ్చారు. ఇంట్లోంచి శవాన్ని ఎత్తినప్పుడు ఎలా ఏడుస్తారో అలా ఏడ్చారు.

*

హరిబాబుని ఇసక మీద పడుకోబెట్టారు. స్పృహ ఉన్నట్టూ లేదు, లేనట్టూ లేదు. మోకాలి కింద కాలు ఉండాల్సిన తీరులో లేదు. తొడ పక్కన మాను వేరు దిగిన చోట నెత్తురు ఆగకుండా కారుతోంది. ఉష తన కొంగు చింపి కట్టింది. కట్టు కట్టినంతసేపు పట్టలేదు అది ఎర్రబడడానికి.

గంగులు మనవరాలు 108కి ఫోన్ చేసింది. వాళ్ళు బయల్దేరతామన్నారు గాని, పేట రోడ్డు మీద కల్వర్టు మునిగిపోయింది కనక అవతలి గట్టుదాకానే రాగలమన్నారు. మనిషిని ఏరు దాటించి తీసుకురావాలి. గంగులు హరిబాబు మెడ పక్కన వేళ్ళు పెట్టి చూసి, మరిడమ్మకేసి తల అడ్డంగా ఆడించాడు. "తెల్లారేదాకా ఆగడు," అన్నాడు.

ఏట్లో నీళ్ళ మీద ఉన్నది ఒక్కటే నావ. సాయంత్రం వల తిప్పడానికి దింపింది. టార్పాలిన్‌లో హరిబాబుని వేసుకుని నలుగురు నాలుగు కొసలూ పట్టుకుని, వానలో జారుతూ లేస్తూ ఏటి గట్టుకి చేరారు. ముందు మరిడమ్మ లైటు పట్టుకుని నడుస్తోంది. ఆ వెలుగులో మొదట నావ ముక్కు కనిపించింది, తర్వాత దాని ముందు నిలబడ్డ మనిషి.

అప్పలసూరి. వాళ్ళకంటే ముందే వచ్చేశాడు. చేతిలో తెడ్డు.

"ఈ నావ కదలదు," అన్నాడు.

"సూరీ, కుర్రోడు సచ్చిపోతన్నాడురా," అన్నాడు గంగులు.

"నా కొడుకు సచ్చిపోతన్న రేత్రి కూడా ఇలాటి గాలే." అప్పలసూరి అరవడం లేదు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి, మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. "ఇంటింటికీ తిరిగేను. నావ తియ్యండ్రా, ఎతుకుదాం రండ్రా అని గడప గడపా తొక్కేను. గంగులూ, నీ గడపా తొక్కేను. గాలి తగ్గనీ అన్నావు. అందరూ అదే అన్నారు. నా కొడుక్కి తియ్యని నావ ఈడికి ఎందుకు తియ్యాల? ఒక్కడు సెప్పండి. ఒక్కడు సెప్తే ఇచ్చేత్తాను."

టార్పాలిన్ మోస్తున్నవాళ్ళలో ఒక్కరూ తలెత్తలేదు.  మరిడమ్మకు ఆ సంగతి ఇప్పుడే తెలిసింది. ఆ రాత్రి మొగుడు గాలిలో పడి ఎక్కడ తిరిగాడో అతనూ చెప్పలేదు, ఆమె అడగలేదు. అతని మీద ఎన్నడూ రానంత జాలి ఆమెకు అప్పుడే వచ్చింది. దగ్గరికి పోయి తల తుడవాలనిపించింది.

టార్పాలిన్ కింద నుంచి నెత్తురు కలిసిన వాన నీళ్ళు ఆమె పాదాల మీద పడుతున్నాయి. వెచ్చగా ఉన్నాయి.

లైటు ఉష చేతికిచ్చింది. మొగుడికి అడుగు దూరంలోకి వెళ్ళి నిలబడింది. మెడలో పుస్తె పడ్డ నాటినుంచి ఏనాడూ, దెబ్బలు తిన్న రోజున కూడా, నోటితో పలకని పేరు ఆమె అప్పుడు పలికింది.

"అప్పలసూరీ, పక్కకి తప్పుకో."

 అప్పలసూరి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆమెని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత రెండు చేతులా తెడ్డు పైకెత్తాడు.

మరిడమ్మ తల వంచలేదు. ఎత్తిన తెడ్డు కిందనుంచే నావలో కాలు పెట్టింది.